సముద్రం లేని చోట నేవీకి ఏం పని..? చేవెళ్ల దాటాక కడుతున్నది నిజంగా రాడారేనా?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ హైవే ఎక్కి మొయినాబాద్, చేవెళ్ల దాటుకుంటూ వెళ్తే మన్నెగూడ వస్తుంది. అక్కడి నుంచి వికారాబాద్ జిల్లా పూడూరు మండలం. ఆ మండలంలోనే దామగుండం అడవి ఉంది. ఇప్పుడు ఆ అడవిలో భారత నౌకాదళం భారీ స్టేషన్ కడుతోంది. సముద్రమేమో వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. మరి నేవీకి ఇక్కడేం పని? అందరూ ‘రాడార్ స్టేషన్’ అంటున్నారు కదా.. అది నిజంగా రాడారేనా? దీనికీ మూసీకీ లింకేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ప్రాజెక్టు ఏంటి?

2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ దామగుండంలో ఈ స్టేషన్‌కు శంకుస్థాపన చేశారు. సీఎం రేవంత్ రెడ్డి కూడా ఈ కార్యక్రమంలో పాల్గొన్నారు. దీనికోసం రాష్ట్ర ప్రభుత్వం 1,174 హెక్టార్ల అటవీ భూమిని నేవీకి అప్పగించింది. అంటే సుమారు 2,900 ఎకరాలు. ఖర్చు దాదాపు రూ.3,200 కోట్లు. 2027 నాటికి పూర్తి చేయాలన్నది టార్గెట్.

దేశంలో ఇలాంటి నేవీ స్టేషన్ ఇప్పటికే ఒకటి ఉంది. తమిళనాడు తిరునల్వేలి జిల్లాలోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్. 1990 నుంచి అది పనిచేస్తోంది. దామగుండంలో వస్తున్నది రెండోది.

రాడార్ కాదు.. మరేంటి?

ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్ అవుతున్నారు. రాడార్ అంటే తరంగాలను పంపి, అవి దేనికో తగిలి వెనక్కి వస్తే పట్టుకునేది. విమానం ఎక్కడుంది, ఎంత స్పీడ్‌లో వస్తోంది అన్నది అలా తెలుస్తుంది. దామగుండంలో వచ్చేది ఆ పని చేయదు. ఇది దేన్నీ వెతకదు, దేన్నీ చూడదు. సింపుల్‌గా చెప్పాలంటే ఇది ఒక రేడియో స్టేషన్. కాకపోతే దీని శ్రోతలు సముద్రం అడుగున ఉంటారు. వాళ్లే సబ్‌మెరైన్ల సిబ్బంది.

దీని పూర్తి పేరు ‘వెరీ లో ఫ్రీక్వెన్సీ’ స్టేషన్. షార్ట్‌గా వీఎల్ఎఫ్. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే తరంగాలను వీఎల్ఎఫ్ అంటారు. మనం వినే ఎఫ్ఎం రేడియో 100 మెగాహెర్ట్జ్ దగ్గర్లో ఉంటుంది. అంటే దీనికన్నా వేల రెట్లు ఎక్కువ.

ఫోన్ చేస్తే సరిపోదా?

సరిపోదు. కారణం ఉప్పు నీళ్లు. మొబైల్, వైఫై, శాటిలైట్ సిగ్నల్స్ ఏవీ సముద్రపు నీటిలోకి వెళ్లలేవు. పైపైనే ఆగిపోతాయి. 2013లో మన నేవీ కోసం జీశాట్-7 అనే ప్రత్యేక ఉపగ్రహాన్ని పంపారు. యుద్ధనౌకలకు అది చాలా ఉపయోగం. కానీ నీళ్లలో మునిగి ఉన్న సబ్‌మెరైన్‌కు దాని మాట వినపడదు. వినాలంటే సబ్‌మెరైన్ పైకి రావాలి, లేదంటే యాంటెన్నా అయినా నీటి పైకి తేవాలి. అలా చేసిందా.. శత్రువు కంట్లో పడే ప్రమాదం ఉంది.

వీఎల్ఎఫ్ తరంగాలు మాత్రం నీటిలోకి పది, ఇరవై మీటర్ల లోతు దాకా దిగగలవు. ఇక గాలిలో అయితే భూమికి, పైనున్న అయనోస్ఫియర్ పొరకు మధ్య వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. అందుకే స్టేషన్ తీరంలోనే ఉండాల్సిన అవసరం లేదు. తెలంగాణ నుంచి పంపినా బంగాళాఖాతంలో, హిందూ మహాసముద్రంలో వినపడుతుంది.

అయితే దీనికి లిమిట్స్ కూడా ఉన్నాయి. మాటలు, వీడియోలు పంపలేరు. చిన్న చిన్న కోడ్ సందేశాలే వెళ్తాయి. అది కూడా వన్‌వే. సబ్‌మెరైన్ వినగలదు కానీ అదే దారిలో తిరిగి జవాబు ఇవ్వలేదు.

ఇంత భూమి ఎందుకు?

20 కిలోహెర్ట్జ్ తరంగం ఒక్కో అల పొడవు 15 కిలోమీటర్లు. మామూలు రేడియోలకు చిన్న కడ్డీ సరిపోతుంది. ఇంత పొడవైన తరంగానికి అలా కుదరదు. చాలా ఎత్తైన టవర్లు, వాటి మధ్య కిలోమీటర్ల కొద్దీ తీగలు, భూమి లోపల కూడా తీగల వల కావాలి. అమెరికాలోని కట్లర్‌లో, ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్‌లో 1960ల్లో కట్టిన ఇలాంటి స్టేషన్లు కూడా విశాలమైన ప్రాంతాల్లోనే ఉన్నాయి. దామగుండంలో టవర్లతో పాటు సిబ్బంది కోసం టౌన్‌షిప్ కూడా వస్తుంది.

ఇప్పుడే ఎందుకు?

సైన్యం అనగానే మనకు గుర్తొచ్చేది ట్యాంకులు, ఫైటర్ జెట్‌లు, పరేడ్. కానీ గత 15 ఏళ్లలో మన రక్షణ వ్యవస్థలో వచ్చిన పెద్ద మార్పు కంటికి కనపడనిది. అది విశాఖపట్నంలో మొదలైంది. దేశంలో తయారైన తొలి అణు సబ్‌మెరైన్ ఐఎన్ఎస్ అరిహంత్ 2009లో అక్కడే నీటిలోకి దిగింది. తొలి గస్తీ పూర్తి చేసిందని 2018 నవంబర్‌లో ప్రధాని మోదీ ప్రకటించారు. రెండోది ఐఎన్ఎస్ అరిఘాత్. ఇది 2024 ఆగస్టు 29న విశాఖలోనే నేవీలో చేరింది.

డీజిల్ సబ్‌మెరైన్ బ్యాటరీ ఛార్జింగ్ కోసం మధ్యమధ్యలో పైకి రావాలి. అణు సబ్‌మెరైన్‌కు ఆ అవసరం లేదు. తిండి సరుకులు ఉన్నన్నాళ్లూ నీటి కిందే ఉండొచ్చు. దాని బలమంతా దాక్కోవడంలోనే ఉంది.

2003లో ప్రకటించిన అణు విధానం ప్రకారం భారత్ ముందుగా అణ్వాయుధం వాడదు. ఎవరైనా మనపై వాడితే మాత్రం ఎదురుదాడి తప్పదు. అంటే మొదటి దెబ్బ తిన్నాక కూడా మన దగ్గర ఏదో ఒకటి మిగిలి ఉండాలి. ఆ ‘ఏదో ఒకటి’ సముద్రం కింద ఉన్న సబ్‌మెరైనే. అణ్వాయుధం వాడాలా వద్దా అన్న నిర్ణయం ప్రధాని నేతృత్వంలోని మండలిది. ఆ నిర్ణయం సబ్‌మెరైన్‌కు చేరకపోతే అందులో ఎన్ని క్షిపణులు ఉన్నా లాభం లేదు. ఉన్న ఒక్క స్టేషన్ దెబ్బతింటే ఎలా? అందుకే రెండోది. అదీ తీరానికి దూరంగా, దేశం మధ్యలో.

మరి వివాదం ఎక్కడ?

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. దామగుండం అడవి కూడా మూసీకి నీళ్లిచ్చే ప్రాంతమేనని పర్యావరణవేత్తలు చెబుతున్నారు. చెట్లు కొట్టేస్తే వాన నీరు భూమిలో ఇంకదని, కింద ఉన్న జలాశయాలకు వచ్చే నీరు తగ్గుతుందని వాళ్ల ఆందోళన. నది పర్యావరణానికి నష్టం ఉండదని కేంద్రం చెబుతోంది. పోయిన అడవికి బదులుగా మొక్కలు పెంచేందుకు నేవీ డబ్బు కూడా కట్టింది.

మొయినాబాద్, చేవెళ్ల వాళ్లకు ఈ చర్చ కొత్తేమీ కాదు. 1908 వరదల తర్వాత మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ కట్టారు. మొయినాబాద్ ప్రాంతం ఈ రెండింటి మధ్యే ఉంటుంది. ఆ నీళ్లు పాడవకూడదని 1996లో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. పక్క ఊళ్లలో భూముల ధరలు ఆకాశాన్ని అంటుతుంటే ఇక్కడి రైతులు పాతికేళ్లకు పైగా చూస్తూ ఉండాల్సి వచ్చింది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలను షరతులతో సడలించారు.

అందుకే ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. నీళ్ల కోసం కింది ఊళ్లపై అన్నేళ్లు రూల్స్ పెట్టినప్పుడు, పైనున్న అడవికి ఎలాంటి రూల్స్ ఉండాలి? దేశ రక్షణ అవసరమే. అలాగని నీళ్ల లెక్క అడగడం దేశానికి వ్యతిరేకం కాదు.

రేడియేషన్ భయం నిజమేనా?

వీఎల్ఎఫ్ తరంగాలు ఎక్స్‌రే లాంటివి కావు. ఎక్స్‌రేల మాదిరిగా కణాల్లోని డీఎన్ఏను నేరుగా దెబ్బతీసేంత శక్తి వీటికి ఉండదు. అయితే యాంటెన్నాకు మరీ దగ్గరగా విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది. అందుకే లోపలికి ఎవరినీ రానివ్వరు. దూరం పెరిగే కొద్దీ ఆ ప్రభావం పడిపోతుంది. చుట్టుపక్కల ఊళ్ల భయం పోవాలంటే ఒక్కటే మార్గం. స్టేషన్ మొదలయ్యాక కంచె బయట కొలతలు తీసి, జనానికి అర్థమయ్యేలా చెప్పడం.

ఇంకో విషయం కూడా ఉంది. అడవిలోని రామలింగేశ్వర స్వామి ఆలయానికి వెళ్లే దారి మూయొద్దని స్థానికులు కోరుతున్నారు. భక్తులకు ఇబ్బంది లేకుండా చూడాలని శంకుస్థాపన సభలోనే రేవంత్ రెడ్డి ప్రస్తావించారు.

ఇకపై ఏం గమనించాలి?

స్టేషన్ లోపల ఏం జరుగుతుందో బయటికి చెప్పరు. అది రక్షణ రహస్యం, అలాగే ఉండాలి. కానీ ఎన్ని చెట్లు పోయాయి, బదులుగా నాటినవాటిలో ఎన్ని బతికాయి, వాగుల్లో నీరు తగ్గిందా, ఆలయం దారి తెరిచే ఉందా.. ఇవేవీ రహస్యాలు కావు. వానాకాలం వానాకాలానికీ వీటి లెక్క బయటపెడితే పూడూరు నుంచి మొయినాబాద్ దాకా ఉన్న ఊళ్లకు సగం అనుమానాలు తీరిపోతాయి.