తుప్పే కవచం

హాస్టల్ గదిలో దొంగచాటుగా వెలిగించుకున్న హీటర్ పొయ్యి కాయిల్ తెగితే కొసలు రెండూ మెలేసి మళ్లీ వాడేవాళ్లం. నాలుగు రోజులకు సరిగ్గా ఆ ముడి దగ్గరే తెగేది. ముడి వదులుగా ఉంటే అక్కడే వేడి ఎక్కువ పుడుతుందని తెలిసే వయసు కాదు. అసలు విడ్డూరం వేరే ఉంది: అన్నాళ్లు నిప్పులా కాలిన తీగ బూడిదైపోలేదేం?

కరెంటు పారితే ఇనుప తీగ కూడా ఎర్రబడుతుంది. కానీ గాలి తగిలి పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. ప్లాటినం తట్టుకుంటుంది, దాని ధరను మనం తట్టుకోలేం. ఈ చిక్కు విప్పింది అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్. 1906లో ఆయన పేటెంటు పొందిన నికెల్-క్రోమియం మిశ్రమమే మన నిక్రోమ్: సుమారు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. రాగి కంటే 60 రెట్లకు పైగా నిరోధం. కాలగానే ఒంటిమీద క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది. అదీ తుప్పే, కానీ రాలదు; లోపలికి ఆక్సిజన్‌ను పోనివ్వదు.

కొలిమికి తీగను ఎంచుకోవడమంటే, నా దృష్టిలో, ఆ పొరను ఎంచుకోవడమే. 1200 డిగ్రీల సెల్సియస్ దాటితే నిక్రోమ్‌ను నమ్మలేం. 1920లలో స్వీడన్‌లోని హాల్‌స్టాహమ్మార్‌లో హాన్స్ ఫాన్ కాంట్సోవ్ ఇనుము, క్రోమియంలకు అల్యూమినియం జోడించాడు. ఈసారి కట్టింది అల్యూమినా పొర. కాంథాల్ అనే ఈ రకం తీగల్లో మేలైనవి 1400 దాకా ఓర్చుకుంటాయి. నికెల్ లేదు గనక చవక. నికెల్‌ను తినేసే గంధకపు పొగలకూ అంతగా బెదరదు. అయితే బాగా కాలి చల్లారాక వంచబోతే పుటుక్కుమంటుంది. చేత్తో తీగ మార్చే మెకానిక్‌ను అడిగితే నిక్రోమే నయమంటాడేమో!

ఇంకా పైకి పోతే లోహాలను వదిలి సిలికాన్ కార్బైడ్ కడ్డీలకు మారాలి. గాజులాంటి సిలికా పొరతో అవి 1600 దాకా వస్తాయి. వయసు పెరిగేకొద్దీ వాటి నిరోధం కూడా పెరుగుతుంది కాబట్టి పాతవాటి వరసలో ఒక్క కొత్త కడ్డీ పెడితే పొత్తు కుదరదు.

మాలిబ్డినానికి ఈ కవచ భాగ్యం లేదు. 2600 దాటితే గానీ కరగదు. గాలి తగిలితే మాత్రం వెయ్యి డిగ్రీలైనా రాకముందే దాని ఆక్సైడ్ పొగై లేచిపోతుంది. అందుకే దాన్ని శూన్యంలోనో హైడ్రోజన్‌లోనో కాలుస్తారు. తీగ చల్లారేదాకా కొలిమి తలుపు తీయరు.