గోడ మోయదు, గోడని పట్టుకోవాలి



పోయిన నెల మన భోజనాల షెడ్డులో ఇనుప స్తంభం పక్కన గోడ నిలువునా పగిలింది కదా. "కప్పు కూలిపోద్ది" అని మొదట అన్నది నేనే. ఆ మాట విని మూడో తరగతి పిల్లలు రెండు రోజులు చింతచెట్టు కింద తిన్నారు. ఒకడి గుడ్డు కాకి ఎత్తుకుపోయింది. సైన్సు మాస్టారు నన్ను తిట్టలేదు. "అసలు సంగతి తెలుసుకుని గోడపత్రికలో రాయి" అన్నారు. రాస్తున్నాను.

ముందు మన ఊరి ఇల్లు గుర్తు తెచ్చుకోండి. బరువు మోసేది ఏది? నిట్రాట, దూలం, వాసాలు. తడిక గోడ గాలినీ వాననీ ఆపుతుంది, అంతే. తడిక ఊడదీసినా కప్పు నిలబడే ఉంటుంది. ఇనుప చట్రం కట్టడం కూడా ఇంతే. కప్పు బరువుని దూలాలు స్తంభాలకి, స్తంభాలు పునాదికి చేరుస్తాయి. మధ్యలో ఇటుక గోడ తన బరువు తాను మోసుకుంటుంది.

అమెరికాలో చికాగో నగరంలో మొనాడ్‌నాక్ అనే భవనం ఉంది. 1891లో కట్టిన ఉత్తర భాగం 16 అంతస్తులు. అక్కడ బయటి ఇటుక గోడలే బరువు మోస్తాయి. అందుకని అడుగున గోడ మందం సుమారు 6 అడుగులు! అంటే ఒక మనిషి పొడవు. 1893లో దక్షిణ భాగాన్ని ఉక్కు చట్రంతో కట్టారు. అంత లావు గోడలతో పని లేకపోయింది.

మరి మన గోడ ఎందుకు పగిలింది? ఎండకి ఇనుము సాగుతుంది. 10 మీటర్ల ఉక్కు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇటుక గోడ దాదాపు అందులో సగమే. రాత్రి రెండూ ముడుచుకుంటాయి. రెండిటినీ సిమెంటుతో బిగించేస్తే అతుకు దగ్గర విచ్చుకుంటుంది. మేస్త్రీ పూత పూసినా మళ్ళీ అక్కడే పగిలింది అందుకే. అక్కడ సన్నని సందు వదిలి, మెత్తటి పదార్థం నింపాలి.

సందు వదిలి ఊరుకున్నా ప్రమాదమే. గోడకి ఆసరా ఉండదు, గట్టి గాలికి పడిపోవచ్చు. మనం తడికని అడ్డనారతో గుంజకి కడతాం. కొంచెం కదులుతుంది గానీ ఊడిపోదు. అలాగే ఇనుప పట్టీలు ఒక కొస స్తంభానికి బిగించి, ఇంకో కొస ఇటుక వరసల మధ్య పెట్టి కట్టాలి. అవి గోడని కాస్త కదలనిస్తాయి, పడనివ్వవు.

మాస్టారూ నేనూ పగుల్లోకి టార్చి వేసి కింద నుంచి పైదాకా చూశాం. ఒక్క పట్టీ కూడా లేదు.

కాబట్టి నేను అన్నది సగం తప్పు. ఆ పగులు వల్ల కప్పు పడదు. సగం నిజం. గోడ పడొచ్చు. గాలివానలు రాకముందే పట్టీలు వేయించమని వార్డెన్ గారిని వేడుకుంటున్నాను. తమ్ముళ్ళూ, లోపలే తినండి. ఆ గోడకి మాత్రం దూరంగా కూర్చోండి. గోడ పక్క చోటు నాది. నేనూ జరిగాను.

ఇట్లు
మీ 9వ తరగతి మిత్రుడు