పాత ఆర్‌ఎక్స్ 100కు సరైన ధర కట్టడం ఎలా?

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 చివర్లో రోడ్డెక్కింది. యమహాతో కలిసి ఎస్కార్ట్స్ సంస్థ దాన్ని తయారుచేసింది. 1996లో తయారీ ఆగిపోయింది. 98 సీసీ ఇంజన్, 11 హార్స్‌పవర్, నూరు కిలోల అటూఇటూ బరువు. తేలికైన బండికి అంత శక్తి ఉండటంతో కుర్రకారు దాని మీద మనసు పడ్డారు, మట్టి ట్రాకుల మీద పందేలకూ వాడారు. కొత్తవి ఇక రావు, అడిగేవాళ్లు మాత్రం తగ్గలేదు. అందుకే ఏటేటా ఇంత తరుగు తీసేసి ధర కట్టే మామూలు లెక్క దీనికి పనికిరాదు. ఒకే ఏడాది తయారైన రెండు బండ్ల మధ్య ధర రెట్టింపు తేడా ఉన్నా అది న్యాయమే కావచ్చు.

ముందుగా తెలుసుకోవాల్సింది, ప్రకటనలో కనిపించే అంకె ధర కాదు, అమ్మేవారి ఆశ. నెలల తరబడి అదే అంకెతో ప్రకటన కనిపిస్తోందంటే ఆ ధరకు ఎవరూ కొనడం లేదనే. ఊళ్లో నిజంగా చేతులు మారిన బండ్లు ఎంతకు పోయాయో టూ స్ట్రోక్ పని చేసే పాత మెకానిక్‌లకు తెలుస్తుంది. మంచి ఇంజన్, సరైన కాగితాలు ఉన్న బండి పలికిన ధరను మూలంగా పెట్టుకుని, చూస్తున్న బండికి అవసరమైన పనుల ఖర్చు అందులోంచి తీసుకుంటూ రావాలి.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్యామ్ షాఫ్ట్, దాంతో నడిచే వాల్వులు ఉండవు. సిలిండర్ గోడకున్న రంధ్రాలను (పోర్టులను) పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. కింద క్రాంక్ గది పెట్రోలు, గాలి మిశ్రమాన్ని పైకి తోస్తుంది. ఆయిల్ కూడా పెట్రోలుతో పాటే కాలిపోతుంది. భాగాలు తక్కువ కాబట్టి అరుగుదలంతా కొన్నిచోట్లే పడుతుంది: పిస్టన్, రింగులు, బోరు, క్రాంక్, దాని ఆయిల్ సీళ్లు. బండి విలువ అక్కడే తేలుతుంది. పెయింటు, స్టిక్కర్లు, తళతళలాడే సైలెన్సర్ చూసి ధర ఒప్పుకోవడం పెద్ద పొరపాటు. పైమెరుగు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, అరిగిన ఇనుము తిరిగి రాదు.

ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ అసలు వ్యాసం 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడు లేత్ మీద పావు మిల్లీమీటరు పెద్దది చేసి, దానికి తగిన పిస్టన్ వేస్తారు. ఆ తర్వాత అర, ముప్పావు, ఒకటి. ఆ మెట్లు అయిపోతే స్లీవ్ వేయించాలి, లేదా బ్లాకు మార్చాలి. అందువల్ల “కొత్తగా బోర్ చేయించాం” అని అమ్మేవారు గొప్పగా చెప్పినప్పుడు ఏ సైజు పిస్టన్ వేశారో అడగాలి, బిల్లు చూడాలి. ఒకటో మెట్టు మీదున్న బ్లాకు, ఆఖరి మెట్టు మీదున్న బ్లాకు చెవికి ఒకేలా వినిపిస్తాయి. విలువలో మాత్రం చాలా తేడా.

బండిని చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందా, ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారాకే కిక్ కొట్టి చూడటం మేలు. కిక్‌లో గట్టి ఎదురు ఒత్తిడి తగలాలి. మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజ్ ఉంటే ఇంకా నయం. మొదట్లో కాస్త పొగ రావడం సహజమే. వేడెక్కాక కూడా దట్టమైన తెల్లపొగ ఆగకపోతే, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గిపోతుంటే, క్లచ్ వైపు సీలు పోయిందని అనుమానించాలి. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం దిగకపోతే మాగ్నెట్ వైపు సీలు గాలి పీలుస్తుండవచ్చు. ఇది మరీ ప్రమాదం. గాలి ఎక్కువై, పెట్రోలూ ఆయిలూ చాలక పిస్టన్ పట్టేస్తుంది. కింది నుంచి టకటకమని బరువైన చప్పుడు వస్తే క్రాంక్ పని తప్పకపోవచ్చు. రెండో గేరులో గట్టిగా లాగి చూసి, గేరు జారుతోందేమో గమనించాలి.

పందేల కోసం మార్చిన బండ్లకు కొందరు ఎక్కువ అడుగుతారు. పోర్టులు అరగదీయించి, హెడ్ కోయించి, వేరే సైలెన్సర్ బిగించిన బండి రోజూ నడుపుకునేవారికి తక్కువకే రావాలి. అరగదీసిన పోర్టు మళ్లీ పూడదు. అసలు భాగాలు కూడా ఇస్తే కొంత ఎక్కువ ఇవ్వవచ్చు.

ఇక కాగితాలు. ఆర్సీ పదిహేనేళ్లకు ముగుస్తుంది, తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు ఈ ఫీజును కేంద్రం 2025లో 2,000 రూపాయలకు పెంచింది. గ్రీన్ ట్యాక్స్ అదనం. రెన్యువల్‌కు ఆలస్యమైతే నెలకు 300 రూపాయలు. అయిదేళ్లు వదిలేసిన బండికి అదే 18,000 అవుతుంది! ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆర్‌ఎక్స్ 135 ఇంజన్ బిగించి ఆర్సీలో నమోదు చేయించకపోతే రెన్యువల్ దగ్గర పని ఆగిపోతుంది. హైదరాబాద్‌లో రిజిస్టరైన ఏపీ 9 నంబరు బండి ఇప్పుడు తెలంగాణ లెక్కలోది. విజయవాడ వాసి కొంటే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి.

పద్ధతి తెలియడానికి ఒక ఊహా లెక్క. మంచి బండి 80 వేలకు పోతోందనుకుందాం. చూస్తున్న బండికి క్రాంక్, బోరు పనికి 14 వేలు, టైర్లకు 4 వేలు, కాగితాలకు 6 వేలు అవుతాయి. మిగిలేది 56 వేలు. ఇంజన్ విప్పాక బయటపడే పనుల కోసం మరో 5 వేలు తగ్గిస్తే 51 వేలు. బేరం అక్కడ తెగాలి. అమ్మేవారు తాను పెట్టిన ఖర్చంతా చెబుతారు, ఆ ఖర్చుతో ఈ లెక్కకు సంబంధం లేదు.

ఆర్సీ లేని బండికి, నంబర్లు చెరిపిన బండికి ధరే లేదు. ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.