బ్యాంకు గోడ బరువెంత?

కోనసీమలో రాయి దొరకదు. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చుకుంటూ పోయిన ఈ నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. పునాదికి గుంట తీస్తే మట్టి, ఆ కింద ఇసుక, అంతలోనే ఊట నీరు. అందుకే అమలాపురం, రాజోలు, కొత్తపేట లాంటి ఊళ్లలో సిమెంటు వాడుకలోకి రాకముందు కట్టిన పక్కా భవనం అంటే దాదాపుగా ఇటుక భవనమే. కచేరీ అయినా, బడి అయినా, బ్యాంకు అయినా అంతే. ఇటుకకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి: ఒండ్రుమట్టి, కాల్చడానికి ఊక, మోయడానికి కాలవలు. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీళ్లివ్వడంతో పాటు సరుకు పడవలకూ దారి వేసింది.

మాదిరికి ఒక చిన్న ఊరి బ్యాంకు హాలు తీసుకుందాం. పొడవు 40 అడుగులు, వెడల్పు 25, ఎత్తు 15, గోడ మందం అడుగున్నర. చుట్టుకొలత 130 అడుగులు కాబట్టి కట్టుబడి 2,925 ఘనపుటడుగులు. తలుపులకూ కిటికీలకూ ఐదో వంతు తీసేస్తే 2,340 మిగులుతుంది. నూరు ఘనపుటడుగులకు 1,350 ఇటుకలు పడతాయన్నది పాత సైజు ఇటుకకు వేసే లెక్క. అంటే సుమారు 31,600 ఇటుకలు. ఒక్కోటి 3 కిలోల చొప్పున 95 టన్నులు. బండికి 250 ఇటుకలు ఎత్తితే 127 ఎడ్లబళ్లు తోలాలి; 20 టన్నులు పట్టే పడవైతే ఐదు దఫాల్లో కాలవ గట్టుకు చేరిపోతాయి.

ఇప్పుడు బరువు. ఒక అడుగు పొడవు గోడ 1,225 కిలోలు తూగుతుంది. దాని వాటాకు వచ్చే కప్పు బరువు మరో 500 కిలోలు. ఈ 1,725 కిలోలను గోడ అడుగుభాగం మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు కిలోం పావు కూడా మించదు. భారతీయ ప్రమాణం ప్రకారం ఆఖరి తరగతి ఇటుకైనా 35 కిలోలు ఓర్చుకోవాలి. కట్టుబడి బలం విడి ఇటుక బలంకన్నా చాలా తక్కువే అనుకున్నా, తొమ్మిది అంగుళాల గోడ కూడా ఈ బరువు మోసేస్తుంది. మరి అడుగున్నర ఎందుకు? బరువు కోసం కాదు. గాలి కోసం, ఎండ కోసం, కన్నం వేసేవాడి కోసం.

గాలి సంగతి కోనసీమకు చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 తుఫాను రాత్రిని ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. కోస్తాలో కట్టడాలకు సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోవాలంటారు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంతో వీచే గాలి ప్రతి చదరపు మీటరు మీదా 150 కిలోల బరువున్నంత గట్టిగా నెడుతుంది. అడుగున్నర గోడ చదరపు మీటరుకు 880 కిలోలు తూగుతుంది. ఆ బరువే దాన్ని నిలబెడుతుంది.

అయితే ఆ బరువును నేల మోయాలి కదా. నా ఉద్దేశంలో ఈ కట్టడాల అసలు పనితనమంతా కంటికి కనిపించని పునాదిలో ఉంది. మరీ మెత్తని బంకమట్టి చదరపు మీటరుకు 5 టన్నులు మించి మోయదని పాత ఇంజనీరింగు పట్టికలు చెబుతాయి. చదరపు అడుగుకు 465 కిలోలన్నమాట. మన గోడను ఉన్న మందంతోనే దింపితే చదరపు అడుగుకు 1,150 కిలోలు పడుతుంది. ఒకవైపు కుంగి గోడ నెర్రెలిచ్చేస్తుంది. అందుకని పునాదిని మెట్లుమెట్లుగా వెడల్పు చేసుకుంటూ పోయి నాలుగడుగులకు తెచ్చారనుకోండి, 431కి దిగుతుంది. పునాది సొంత బరువు కూడా కలుపుకుంటే ఇంకాస్త వెడల్పు కావాలి.

వరద సంగతీ ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75 అయితే మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోటెత్తింది. బంగారం తాకట్టు పెట్టుకుని కాగితాలు దాచే చోట అరుగు ఎత్తు మూడడుగులు పెట్టడం, వాకిట్లో ఆరు మెట్లు కట్టడం అలంకారం కోసం కాదు.

కప్పును మాత్రం దగ్గరగా చూడాలి. మద్రాసు మిద్దె అంటారు. దూలాల మీద టేకు దంతెలు, వాటి మీద అంగుళం మందం ఉండే సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి గానుగ సున్నంతో అతికిస్తారు. పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన పొర వేసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొడతారు. చెక్క ఎగిరిపడుతూ, దెబ్బ పడ్డ చోట అచ్చు కనిపించకపోతే అప్పుడు పొర గట్టిపడినట్టు. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఏ బ్యాంకు శిలాఫలకం మీదా వాళ్ల ఊసు ఉండదు.

ఇంతటి గోడలు కట్టే స్తోమత ఎక్కణ్నుంచి వచ్చింది? 1904 చట్టం సహకార పరపతి సంఘాలకు దారి తీసింది. వాటికి అప్పిచ్చే సెంట్రల్ బ్యాంకులకు 1912 చట్టం చోటిచ్చింది. అదే బాటలో అమలాపురంలో కోనసీమ కోఆపరేటివ్ సెంట్రల్ బ్యాంకు నడిచింది.   కృష్ణా డెల్టాలోని మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును మొదలుపెట్టినప్పుడు చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అయినా రైతు అప్పులో ఈ బ్యాంకుల వాటా చాలాకాలం చిన్నదే. 1951-52 అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతు తెచ్చుకున్న ప్రతి నూరు రూపాయల్లో సహకార సంఘాలిచ్చింది 3 రూపాయల 10 పైసలు, వాణిజ్య బ్యాంకులిచ్చింది 90 పైసలు. వడ్డీ వ్యాపారులది 70 రూపాయల దాకా. ఆ పోటీలో నిలిచి, చేతిలో నాలుగు డబ్బులున్నవాడిని తెచ్చి దాచుకోమనాలంటే తాటాకు పాకలో కూర్చుని పిలిస్తే సరిపోదు. ఆ రోజుల్లో బ్యాంకుకు ఇటుక గోడే పూచీకత్తు.

ఇప్పుడు ఈ గోడలను చెడగొడుతున్నది గాలివానకన్నా మరమ్మతే. ఇటుక తన బరువులో ఐదో వంతు దాకా నీరు పీల్చగలదు. 3 కిలోల ఇటుకలో 600 గ్రాములు. నేలలోంచి ఎక్కిన చెమ్మ ఇటుకల మధ్య సున్నపు దర్జుల గుండా బయటికి ఆరిపోయేది. పైన సిమెంటు పూత వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మతో పాటు ఎక్కిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఇటుక ముఖాన్నే పెచ్చులుగా ఊడగొడుతుంది. పైపెచ్చు గోడ బలపడిందని అందరూ నమ్ముతారు.

చేయాల్సింది ఖరీదైన పని కాదు. మొదట కప్పు మీది తూములు బాగుచేయాలి. తర్వాత సిమెంటు పూతను నెమ్మదిగా ఒలిచి, గోడను ఒక ఎండాకాలమంతా ఆరనివ్వాలి. దర్జులను అంగుళం లోతు గీకి, ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక కలిపి నింపాలి. ఆ తర్వాత తడి గోనెలు కప్పి వారం పాటైనా తడుపుతుండాలి. సున్నం తొందరపడి ఆరితే పొడిలా రాలిపోతుంది.