తాను నమ్మనిది అమ్మడం

ఒకరి భక్తి మరొకరికి బతుకుదెరువు కావడం కొత్తేమీ కాదు. కొనేవారికి ఉన్న నమ్మకం అమ్మేవారికి లేనప్పుడు ఆ రాబడి న్యాయమైనదేనా అన్న ప్రశ్నా పాతదే. బెంగళూరులో దీనికి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. వరమహాలక్ష్మి వ్రతం దగ్గరపడితే కె.ఆర్. మార్కెట్‌లో తెల్లవారకముందే పూల బేరాలు మొదలవుతాయి. కనకాంబరాలు కిలో వెయ్యి రూపాయలు దాటిన ఏళ్లున్నాయి. ఆ పూలు పండించిన రైతు, గంప దించిన కూలీ, మూర వేసి ఇచ్చే వ్యాపారి అందరూ లక్ష్మీదేవిని పూజించేవారే కానక్కర్లేదు. కొనే ఇల్లాలు చూసేది పూలు వాడాయా, మూర పొట్టిగా వేశారా అన్నదే. ఆమె డబ్బిస్తున్నది పూలకు. పూజ ఆమెది, నమ్మకం ఆమెది. తాజా పూలు సరైన కొలతకు ఇచ్చిన వ్యాపారి ఆమెకు ఏమీ బాకీ పడడు.

అయినా ఈ సంగతి కోర్టుకెక్కింది. ఆలయాలకు చెందిన దుకాణాల వేలంలో హిందువులు కానివారు పాల్గొనకూడదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో జీవో ఇచ్చింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి దుకాణాలు నడుపుతున్నవారికి అది దెబ్బ. 2019లో హైకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసి, మతం పేరుతో ఎవరినీ వేలం నుంచి తప్పించవద్దని ఆదేశించింది. గుడి దగ్గర మద్యం, జూదం కూడదంటే అర్థముంది కానీ, పూలు, బొమ్మలు అమ్మడానికి మతం ఎందుకు అడ్డు రావాలన్నది ధర్మాసనం వేసిన ప్రశ్న. కర్ణాటకలోనూ ఆలయ ఆస్తులను హిందువులు కానివారికి లీజుకివ్వరాదని 2002 నాటి నిబంధన ఒకటుంది. 2022లో జాతరల్లో ముస్లిం వ్యాపారులను అడ్డుకున్నప్పుడు దాన్నే చూపించారు. వ్యాపారి ఏ దేవుడికి మొక్కుతాడో ఆరా తీయడం వల్ల భక్తుడికి ఒరిగేది లేదు. ఆరా తీయాల్సింది అతను ఏం చెప్పి అమ్ముతున్నాడన్నది.

అసలు చిక్కు సరుకుతో కాదు, సరుకుతో పాటు ఇచ్చే హామీతో వస్తుంది. బెంగళూరు శివార్లలో కట్టే అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో ‘నూరు శాతం వాస్తు’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఫ్లాటు చూపించే సేల్స్ ఉద్యోగి ఫోనులో దిక్సూచి తెరిచి సింహద్వారం తూర్పుకుందని, వంటిల్లు ఆగ్నేయంలో ఉందని చూపిస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అతనికి వాస్తు మీద నమ్మకం లేకపోయినా దిక్కు మారదు, కొనేవారు తామే సరిచూసుకోవచ్చు. ‘ఈ ఇంట్లోకి వస్తే కలిసొస్తుంది సార్, పక్క బ్లాకులో అయితే ఆరోగ్యాలు బాగుండవు’ అని అదే నోటితో అన్నాడంటే కథ మారుతుంది. తాను అబద్ధమనుకునే మాటను నిజమని చెప్పి, ఎదుటివారి భయాన్ని ఆసరా చేసుకుని ధర పెంచడం అది. మొదటిది సేవ, రెండోది మోసం. పిల్లకు పెళ్లి కుదరడం లేదనో, ఇంట్లో జబ్బు తగ్గడం లేదనో కుంగిపోయి ఉన్నవారి దగ్గర ఈ మోసం మరీ క్రూరమైనది.

నమ్మి చేసేవారి సంగతి వేరు. 1895లో మొదలైన ‘ది ఆస్ట్రలాజికల్ మ్యాగజైన్‌’ను 1936 నుంచి బెంగళూరులో దశాబ్దాల పాటు నడిపిన బి.వి. రామన్ జ్యోతిషం శాస్త్రమేనని నమ్మిన మనిషి. ఆ ఊళ్లోనే బెంగళూరు విశ్వవిద్యాలయ వైస్ చాన్స్‌లర్‌గా ఉన్న హెచ్. నరసింహయ్య 1976లో మహిమలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. ఇద్దరి దారులూ వేరు, కానీ ఇద్దరూ తాము నమ్మిందే చెప్పారు. రామన్ చెప్పింది నిజమా కాదా అన్నది పరీక్షకు నిలవాల్సిన ప్రశ్న, ఆయన నిజాయితీ మరో ప్రశ్న. గ్రహాల మీద ఏ నమ్మకమూ లేకుండా పన్నెండు రాశులకూ ఊహించి ఫలాలు రాసేవారికి ఆ నిజాయితీ అండ కూడా ఉండదు.

చట్టం ఈ తేడాను సగమే పట్టుకుంది. తాయెత్తులు, కవచాలు జబ్బులు నయం చేస్తాయని ప్రచారం చేయడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధిస్తోంది. యంత్రాలకు మహిమలున్నాయని టీవీలో ప్రకటనలిచ్చి అమ్మడం చెల్లదని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2021లో చెప్పింది. అమానుష ఆచారాలను, చేతబడిని అరికట్టడానికి 2017లో కర్ణాటక తెచ్చిన చట్టం మాత్రం జ్యోతిష, వాస్తు సలహాలను మినహాయించింది. ఆ వదిలేసిన చోట అమ్మేవారి మనస్సాక్షి తప్ప వేరే కాపలా పెద్దగా లేదు.

ఇప్పుడు ఆ కాపలా ఫోన్లలోకీ అవసరమైంది. బెంగళూరు కేంద్రంగా 2020లో మొదలైన ‘శ్రీ మందిర్’ లాంటి యాప్‌లలో పేరు, గోత్రం ఇచ్చి డబ్బు కడితే దూరపు గుడిలో పూజ చేయించి వీడియో పంపుతారు. ఇలాంటి యాప్‌లకు కోడ్ రాసే ఇంజనీరు నాస్తికుడైనా భక్తుడికి నష్టం లేదు. భక్తుడికి తెలియాల్సింది పూజ నిజంగా జరిగిందా, తన పేరు చదివారా, కట్టిన డబ్బులో గుడికి, పూజారికి ఎంత చేరింది, కంపెనీకి ఎంత మిగిలింది అన్నవి. వీటికి డబ్బు కట్టకముందే తెర మీద జవాబులు కనిపించాలి.