ఇంటి కంప్యూటర్ కూర్పు: మితవ్యయంతో విడిభాగాల ఎంపిక

గౌతమీ తీరాన కోటిపల్లి క్షేత్రం నెలకొన్న మండలం కె.గంగవరం. ఇటువంటిచోట తెలుగు పరిశోధక విద్యార్థి ఇంటివద్దనే కంప్యూటర్ కూర్చుకొనదలిస్తే, దానితో చేయవలసిన పనిని ముందుగా నిర్ధారించుకోవాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన 10 లక్షల సంకేతాల సిద్ధాంత గ్రంథం సుమారు 3 మెగాబైట్లే. చోటును ఆక్రమించేవి స్కాన్ చేసిన పాత పుస్తకాలు; ప్రారంభంలో వాటికీ 500 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలును.

ఈ పనికి విడి గ్రాఫిక్స్ కార్డు దండుగ. గ్రాఫిక్స్ అంతర్భాగంగా గల రైజెన్ 5 5600జీ, ఇంటెల్ ఐ3-12100 వంటి ప్రాసెసర్లు సరిపోతాయి. అయితే 12100 చివర 'ఎఫ్' అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. చౌక అని దానిని కొంటే విడి కార్డు లేనిదే తెరపై బొమ్మ రాదు. కొన్ని పాత మదర్‌బోర్డులు 5600జీని గుర్తించాలంటే బయాస్ నవీకరణ అవసరం; దానిని దుకాణంలోనే చేయించుకోవడం మేలు. ఇటువంటి ప్రాసెసర్లు గ్రాఫిక్స్ కోసం ప్రధాన ర్యామ్‌నే వాడుకుంటాయి కనుక, 16 జీబీ ఒకే స్టిక్ కంటె 8 జీబీవి రెండు ఉత్తమం.

పొదుపు చేయకూడనిది ఎస్‌ఎంపీఎస్ విషయంలోనే. కేబినెట్‌తో వచ్చే అనామక ఎస్‌ఎంపీఎస్ చెడితే మిగిలిన భాగాలకూ ముప్పే. '80 ప్లస్' ముద్ర విద్యుత్ సామర్థ్యాన్ని మాత్రమే తెలుపుతుంది, వోల్టేజి రక్షణను కాదు. కరెంటు పోయినప్పుడు రాసినది భద్రపరచుకొనే వ్యవధి కోసం చిన్న యూపీఎస్ కావాలి. ఆ సొమ్మును పాత మానిటర్, పాత కేబినెట్ కొని మిగుల్చుకోవచ్చు.