చెయ్యి తీస్తే సర్దుకునే విమానం

ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానం ఎగరేయడం నేర్పేవాళ్ళు మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది: “కంగారొస్తే స్టిక్కు వదిలెయ్.” పైన విమానం వంకరపోతుంటే చేతిలో ఉన్న ఒక్క ఆధారాన్నీ వదలమంటాడేమిటని కొత్తవాడికి అనుమానం. ఆ సలహా వెనక మాత్రం 90 ఏళ్ళకు దగ్గరపడుతున్న చరిత్ర ఉంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అని కవలలు. ఒకరికి మోడల్ విమానాల పిచ్చి, ఇంకొకరికి హామ్ రేడియో పిచ్చి. రెండు పిచ్చులూ కలిసి 1937లో ‘గఫ్’ గాల్లోకి లేచింది. రేడియోతో నిజంగా మలుపులు తిప్పగలిగిన తొలి మోడళ్ళలో అదొకటి. ఈ చివర నుంచి ఆ చివరకు రెక్క 8 అడుగులు. వాల్వు రేడియోనూ దాని బ్యాటరీలనూ మోయాలంటే ఆమాత్రం రెక్క ఉండాలి మరి. 1938లో జాతీయ పోటీల్లో నెగ్గింది. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియం సొత్తు.

ఆ కాలపు రిమోటు అంటే ఒక్క బటన్. విమానం పొట్టలో మెలితిప్పిన రబ్బరు బ్యాండు, దాన్ని ఆపి ఉంచే చిన్న కొక్కెం. బటన్ నొక్కితే కొక్కెం ఒక మెట్టు వదులుతుంది, రబ్బరు తిరుగుతుంది, తోక మీది రడ్డర్ ఎడమకు పోతుంది. వదిలితే మధ్యకొస్తుంది. మళ్ళీ నొక్కితే కుడికి. వరసగా రెండుసార్లు ఎడమకు తిరగాలంటే నడుమ కుడిని చప్పున దాటించాలి. ఇందాక ఎటు తిప్పామో మరిచిపోతే అంతే సంగతులు. కొద్దిగా తిప్పడమనేది లేనే లేదు. ఇంజినుదీ అదే తీరు, ఇంధనం అయిపోయేదాకా మోగి ఆగిపోయేది. ఆ తర్వాత తేలుకుంటూ దిగడమే.

ఇంత మొరటు రిమోటుతో కూడా విమానం బతికి బట్టకట్టిందంటే ఆ పుణ్యం రెక్కది. పొట్టకు పైన బిగించిన రెక్క, రెండు చివర్లూ కాస్త పైకి లేచి ఉంటాయి. ఈ వంపును డైహెడ్రల్ అంటారు. గాలి తోపుకు కుడి రెక్క కిందికి వాలిందనుకోండి. విమానం ఆ పక్కకు జారుతుంది. జారేటప్పుడు వాలిన రెక్కను గాలి ఎక్కువ కోణంలో తాకుతుంది, దానికి ఎక్కువ లిఫ్ట్ వస్తుంది, రెండో రెక్కకు తగ్గుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే విమానం సమంగా వస్తుంది. అదే వంపు మలుపుకూ పనికొస్తుంది. రడ్డర్ ముక్కును పక్కకు తిప్పగానే బయటివైపు రెక్క లేచి, విమానం తనంతట తానే మలుపులోకి ఒరుగుతుంది. విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క పలకలు, అంటే ఐలరాన్లు, లేకుండానే ఆ తరం గడిచిపోవడానికి కారణం ఇదే. మనిషి అప్పుడప్పుడు ఒక సూచన ఇచ్చేవాడు, మిగతాదంతా విమానమే చూసుకునేది. ఈనాటి ట్రైనర్ విమానాల్లోనూ ఎక్కువ వాటికి రెక్క పైనే ఉంటుంది, చివర్లు లేచే ఉంటాయి.

1950ల్లో రీడ్ సెట్లు వచ్చాయి. హార్మోనియం రీడ్లలాంటి సన్నని ఉక్కు రేకులు రిసీవర్లో వరసగా ఉండేవి. ఒక్కో స్వరానికి ఒక్కో రేకు కంపించి ఒక్కో స్విచ్చు కలిపేది. రడ్డర్, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, ఇంజిను వేరువేరుగా చేతికొచ్చాయి, ‘కొద్దిగా’ మాత్రం రాలేదు. అది 1960ల్లో డగ్ స్ప్రెంగ్, డాన్ మేథర్స్ వంటి ఇంజినీర్ల చేతుల మీదుగా డిజిటల్ ప్రపోర్షనల్ పేరుతో వచ్చింది. స్టిక్కు ఎంత కదిలితే రడ్డర్ అంతే కదలాలి. ఆ ‘ఎంత’ను వాళ్ళు కాలంలోకి మార్చారు. రడ్డర్‌ను కదిలించే సర్వోకు అందే పల్స్ 1.5 మిల్లీసెకన్లు ఉంటే మధ్య, 1కి తగ్గితే ఒక చివర, 2కి పెరిగితే రెండో చివర. సెకనుకు దాదాపు 50 సార్లు ఈ పల్స్ వస్తూనే ఉంటుంది. సర్వో విప్పి చూస్తే ఒక బుల్లి మోటారు, కొన్ని పళ్ళచక్రాలు, తానెక్కడున్నదో చెప్పే పొటెన్షియోమీటరు. చెప్పిన చోటుకూ ఉన్న చోటుకూ తేడా పోయేదాకా మోటారు తిరుగుతుంది. మన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఆర్డ్యునోకు తగిలించే నీలంరంగు సర్వో ఇప్పటికీ ఇదే లెక్కతో నడుస్తోంది.

తరంగాల గొడవ ఇంకా చాలాకాలం సాగింది. ఒకే ఛానల్లో రెండో రిమోటు ఆన్ అయిందంటే ఎగురుతున్న విమానం నేలకూలేది. అందుకని మైదానంలో ఒక బోర్డు, దానికి ఛానల్ నంబర్లు వేసిన బట్టల క్లిప్పులు. నీ నంబరు క్లిప్పు చేతికొచ్చాకే రిమోటు ముట్టుకోవాలి. 2000ల మధ్యలో వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ సెట్లతో ఆ క్లిప్పులు రిటైరయ్యాయి. ఇప్పుడు రిసీవర్ తన రిమోటు గుర్తింపు సంఖ్యను తప్ప మరోదాన్ని నమ్మదు. ఫోము, లిథియం పాలిమర్ బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటారు వచ్చాక ఈ సరదా చవకైంది, ఇంజిను నూనె మరకలు పోయాయి.

కొత్త ట్రైనర్లలో గైరో కూడా ఉంటోంది. చెయ్యి తీస్తే అది రెక్కల్ని సమం చేస్తుంది. డైహెడ్రల్ పైసా ఖర్చు లేకుండా చేసిన పనికి ఒక చిప్పు! నా గురి మాత్రం రెక్క మీదే. గైరోకు కరెంటు కావాలి, సెట్టింగు కావాలి, వంపుకు ఏదీ అక్కర్లేదు. అలాగని ఎలక్ట్రానిక్స్‌ను తీసిపారేయలేం. 2003 ఆగస్టులో మోడలర్ మేనార్డ్ హిల్ బృందం బాల్సా చెక్కతో చేసిన 5 కిలోల లోపు మోడల్ కెనడా తీరంలో లేచి, ఆటోపైలట్ సాయంతో దాదాపు 39 గంటలు ఎగిరి, అట్లాంటిక్ దాటి ఐర్లాండులో దిగింది. అప్పటికి హిల్‌కు చూపు దాదాపు పోయింది.

ఇన్ని వచ్చినా నేర్చుకునేవాడి చిక్కు ఒకటి తీరలేదు. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపూ దాని కుడి మన కుడే. తిరిగి మనవైపు వస్తుంటే దాని కుడి మన ఎడమ. కూలే విమానాల్లో చాలా భాగం ఈ తిరకాసు దగ్గరే కూలతాయి. పాతకాపులకు ఒక చిట్కా ఉంది: ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క వాలితే స్టిక్కును ఆ పక్కకే తొయ్యి, రెక్క లేస్తుంది.

ఇంకో ఉచ్చు గాలి. గాలితోపాటు పోతున్న విమానం కింద నిలబడినవాడికి దూసుకుపోతున్నట్టే ఉంటుంది. కొత్తవాడు భయపడి థ్రాటిల్ తగ్గించి ముక్కెత్తుతాడు. రెక్కకు కావాల్సింది గాల్లో వేగం, నేలమీది వేగంతో దానికి పనిలేదు. ఆ వేగం చాలక రెక్కకు లిఫ్ట్ పోయి, అంటే స్టాలై, విమానం పడిపోతుంది. ఎత్తులో ఉంటే ముక్కు దించి వేగం అందుకోవచ్చు, చెట్టెత్తులో అయితే ఫోము ముక్కలు ఏరుకోవడమే. అందుకే రెండు రిమోట్లను వైరుతో కలిపి నేర్పుతారు. గురువు తన స్విచ్చు నొక్కి పట్టుకున్నంతసేపే శిష్యుడి స్టిక్కు పనిచేస్తుంది.

హైదరాబాదు వాళ్ళకు వేరే తిప్పలున్నాయి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అంటూ ఎటు చూసినా రన్‌వేలే. 2021 డ్రోన్ నిబంధనల కిందికి ఈ మోడళ్ళు కూడా వస్తాయి కాబట్టి ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్ ఎక్కడుందో చూసుకుని ఊరి బయటికి పోవాల్సిందే. ఆ పోయేదేదో తెల్లారగట్లే పోతే మేలు. ఎండెక్కి నేల వేడెక్కాక లేచే గాలి ట్రైనర్‌ను ఒకచోట నిలవనివ్వదు.